సన్న ఉన్ని వంశావళి

మా మండలంలోని గొర్రెలన్నీ మూడు తరాల్లో సన్న ఉన్ని గొర్రెలుగా మారాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తమది ముతక ఉన్ని అని అప్పటిదాకా వాటికి ఎవరూ చెప్పలేదు. మా వైపు గొర్రెలు నల్లవి. ఆ ఉన్ని వడికి గొంగళ్లు నేస్తారు. గొంగడి వానకు తడవనివ్వదు, చలికి వణకనివ్వదు. కాకపోతే ఒంటికి గుచ్చుకుంటుంది. ఈ గుచ్చుకోవడం వల్ల ప్రాంత ప్రగతికి ఎంత నష్టం జరుగుతున్నదో ఉత్తర్వులో మూడు పేరాల్లో వివరించారు.

తరానికి ఒక ఆర్థిక సంవత్సరం చొప్పున మూడు తరాలకు మూడేళ్లు గడువు పెట్టారు. గొర్రెల తరం ఏప్రిల్ ఒకటిన మొదలై మార్చి ముప్పై ఒకటిన ముగియదని తెలిసినవారు ఆ సమావేశంలో ఉన్నారట గాని, వారు మాట్లాడే వంతు వచ్చేసరికి టీ వచ్చిందట. మంజూరు పత్రం బయలుదేరి మా దాకా చేరడానికి ఇరవై రెండు నెలలు పట్టింది. ఇక మిగిలింది పద్నాలుగు నెలలు. తరాలు మాత్రం మూడుకు మూడూ మిగిలాయి.

నేను ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పథకంలో వంశావళి రిజిస్టరు అని ఒకటి ఉంది. ఏ గొర్రెకు ఏది తల్లి, ఏది తండ్రి అన్నది అందులో అందమైన దస్తూరీతో రాయాలి. పశుసంవర్ధక శాఖలో అంత దస్తూరీ ఉన్నవారు లేకపోవడంతో విద్యాశాఖను అడిగారు. మండల విద్యాధికారి నన్ను పిలిపించి, డెప్యుటేషన్ కాగితం చేతిలో పెట్టి, మీకూ కాస్త మార్పుగా ఉంటుంది అన్నారు. నా భార్య పోయి అప్పటికి మూడు నెలలు. మార్పు కావాలని నేను అడగలేదు. వద్దనడానికి కారణమూ కనిపించలేదు.

సన్న ఉన్ని గొర్రెల అభివృద్ధి కేంద్రం అంటే పాడుబడిన విత్తనాల గోదాము. దానికి ముళ్లకంచె, ఒక గేటు, ఒక ఫ్యాను, రెండు కుర్చీలు ఉన్నాయి. ప్రాజెక్టు అధికారి డాక్టర్ చిదానందం గారు ఒక కుర్చీలో కూర్చుని నాకు రెండోది చూపించారు. ఆయన మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది. "ఎంపికయే ప్రగతికి మూలము, మాస్టారూ. ఉత్తమమైనదానిని ఉంచవలెను, అధమమైనదానిని తొలగించవలెను. ఇంతకు మించిన శాస్త్రము లేదు" అన్నారు. బడిలో నేను అధమమైన వాళ్లను తొలగించకుండానే ఇరవై రెండేళ్లు గడిపాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

కేంద్రానికి గొర్రెలు కావాలి గనుక గోదాము ఉన్న ఊరి సాయవ్వ మందను చేర్చుకున్నారు. నలభై ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. గొర్రెల చెవులకు పసుపు బిళ్లలు కొట్టి, సాయవ్వను వాటికే కాపరిగా నియమించారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి నాలుగేళ్లయింది. మంద వెనక నడుస్తూనే చేతిలో కదురు తిప్పుతూ ఉన్ని వడికేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా మాంసానికి పనికొచ్చే ఎర్ర గొర్రెలకు మారిపోయారు. నల్ల ఉన్ని మంద ఆమెదొక్కటే మిగిలింది. ఆ మందకు పొట్టేలూ ఒక్కటే. దాని పేరు నల్లోడు. జాతి చెడిపోకుండా ఉండటానికి దాన్ని గొర్రెల దగ్గరికి రానివ్వకుండా గోదాము వెనక కట్టేయించారు.

నేను చేరిన రెండో రోజే ఆమె పథకం కాగితాలు నా ముందు పెట్టి, అందులో నల్లోడి సంగతి ఏమైనా ఉందేమో చదివి చెప్పమంది. పద్నాలుగో నిబంధనలో ఉంది. సన్న ఉన్ని జాతి రెండవ తరానికి చేరిన తేదీ నుండి, పది కిలోమీటర్ల పరిధిలోని సమస్త స్థానిక పొట్టేళ్లను నిర్వీర్యం చేయవలెను.

"నిర్వీర్యమంటే?" అంది.

చెప్పాను. ఆమె కదురు ఆగింది.

"వాడు పోతే నా మందకు పిల్లలేడియి సారూ? ఈ నలభై ముసలియై సచ్చినంక నేనేం వడకాలె, గడ్డి వడకాల్నా?"

ఆ మాట ఊళ్లో తెలియగానే పొట్టేళ్లున్న మిగతావాళ్లు వాటిని పది కిలోమీటర్ల అవతలి చుట్టాల ఇళ్లకు తోలేశారు. సాయవ్వ చుట్టాలు ఎనిమిదో కిలోమీటరులో ఉన్నారు. పైగా నల్లోడికి కేంద్రంలో నంబరు పడింది. గేటు దాటించాలంటే కాగితం కావాలి.

రెండో తరం ఎప్పుడొస్తుందని ఆమె అడిగింది. చలికొండల నుంచి మేలుజాతి పొట్టేలు వస్తుందనీ, దానికి పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు పిల్లలు పుట్టాలనీ చెప్పాను. ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, అయితే ఇంకా రెండేళ్లున్నది అని మళ్లీ కదురు తిప్పింది. నాకూ అలాగే అనిపించింది.

మేలుజాతి పొట్టేలు శివరాత్రి వెళ్లిన మర్నాడు లారీలో వచ్చింది. తెల్లగా, మడతలు మడతలుగా, కళ్లు కనిపించనంత ఉన్నితో ఉంది. పాలమూరు ఎండలో లారీ దిగి, నాలుగు అడుగులు వేసి, ఫ్యాను కనిపించగానే దాని కింద పడుకుంది. అప్పటి నుంచి ఫ్యాను చిదానందం గారిది కాకుండా పోయింది. సాయవ్వ దానికి దొర అని పేరు పెట్టింది. రిజిస్టరులో దానికి వేరే పేరుంది గాని ఎవరూ పలకలేదు.

దొర లేవలేదు. ఒంటి మీద తడి గోనెసంచులు వేశాం. పశువైద్యశాల కాంపౌండరు గఫూర్ వచ్చి నోట్లో మందు పోశాడు. నలభై గొర్రెలను ఒక్కొక్కదాన్నీ దాని ముందు నుంచి నడిపించారు. పెళ్లిచూపుల్లో విసిగిపోయిన పెద్దమనిషిలా ఒక కన్ను తెరిచి మూసింది. సాయవ్వ దాని వీపు మీద చెయ్యివేసి, ఈ బొచ్చు కత్తిరిస్తే బతుకుతుందని చెప్పింది. తొలి ఉన్ని కోత శాఖ కమిషనర్ గారి చేతుల మీదుగా జరగాలని ప్రణాళికలో ఉన్నందున అది వీలుకాదని చిదానందం గారు చెప్పారు. కమిషనర్ గారు ఎప్పుడొస్తారో ప్రణాళికలో లేదు.

మార్చి చివర ప్రగతి నివేదిక పంపాలి. విఫలమైంది అన్న మాట రాయడానికి వీల్లేదన్నారు. అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. బయట గొర్రెలకు నీళ్లు పెడుతున్న సాయవ్వను దొర సంగతి ఏం రాయమంటావని అడిగాను.

"ఉన్నది రాయుండ్రి. ఈ ఎండల అది దాని తరం గాదు."

ఆ మాట నాకు నచ్చింది. నిజమూ చెప్పినట్టుంటుంది, ఎవరినీ నొప్పించినట్టూ ఉండదు. మంచి తెలుగు. కాస్త సరిదిద్ది, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: ఈ ఎండలలో గొర్రెలతో జతకట్టుట సదరు పొట్టేలు తరం కాదు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. చిదానందం గారు లేచి నిలబడి చదివారు.

"తమ నివేదికలో సదరు పొట్టేలు తరం కాదని పేర్కొనియున్నారు. ఏ తరం కాదో పేర్కొననందున, మొదటి తరం కాదని భావించడమైనది. మొదటి తరం కానిది రెండవ తరమే అగును. కావున సదరు పొట్టేలును తక్షణము రెండవ తరముగా నమోదు చేయవలెను. గడువుకు ముందే లక్ష్యమును అధిగమించినందులకు అభినందనలు."

కాగితం మడిచి, ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపారు. పొట్టేలు పుట్టుక మార్చకుండానే దానికి తరం మారింది కదా అన్నాను. "ఉద్యోగి కూర్చున్న కుర్చీలోనే పదోన్నతి పొందుట లేదా? ఇది తరోన్నతి" అన్నారు. దొర ఫ్యాను కింద పక్కకు ఒత్తిగిలింది.

పద్నాలుగో నిబంధన ఆ పూటే అమల్లోకి వచ్చింది. గఫూర్‌కు కబురు పోయింది. అతను విత్తులు నొక్కే పట్టకారు తెచ్చే రోజు రెండు వారాల తర్వాతి సోమవారంగా నిర్ణయించారు.

నేనే వెళ్లి సాయవ్వకు చెప్పాను. ఎవరో చెబితే వినడం కంటే అదే మేలనిపించింది. గోదాము వెనక ఆమె నల్లోడి డెక్కల్లో ఇరుక్కున్న ముళ్లు తీస్తోంది. నేను చెప్పింది మొత్తం విని, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను.

"నేనన్న మాటేనా అది?"

"నీ మాటే. నేను రాశాను."

"నేనంటే గాలికి పోతుండె. మీరు రాస్తిరి" అంది. గట్టిగా అనలేదు. ముల్లు తీసి పక్కన పడేసి ఇంకో కాలు పట్టుకుంది.

ఆ రోజే సవరణ లేఖ రాశాను. తరం అన్న మాటకు తెలుగులో వంశక్రమం అనే కాక శక్తి అనే అర్థం కూడా ఉన్నదనీ, నేను వాడినది రెండో అర్థంలో అనీ, వాడుకలో ఉన్న నాలుగు ఉదాహరణలతో సహా వివరించాను. ఇరవై రెండేళ్లుగా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది చెబుతున్నాను. వాళ్లకు అర్థమయ్యేది. మర్నాడు బస్సులో వెళ్లి జిల్లా కార్యాలయంలో చేతికిచ్చి, జవాబు కూడా చేతికే తెచ్చుకున్నాను.

ఒకసారి కల్పించిన తరోన్నతిని రద్దుచేయుట తరావరోహణ అగుననీ, అట్టి చర్య తీసుకొనుటకు ముందు సదరు పొట్టేలుకు నోటీసు ఇచ్చి సంజాయిషీ కోరవలెననీ అందులో ఉంది. నోటీసు నేనే రాశాను. నిన్ను మొదటి తరానికి ఎందుకు తగ్గించరాదో వారం లోపల తెలియజేయవలెను. చిదానందం గారి సమక్షంలో దొర ముందు పెట్టాం. వారం రోజుల తర్వాత మొదటిసారిగా దొర ఆసక్తి చూపింది. నోటీసు తినేసింది. జవాబు రాలేదు గనుక తరోన్నతికి అభ్యంతరం లేదని నమోదైంది.

సోమవారం గఫూర్ సైకిలు మీద వచ్చాడు. పట్టకారు గుడ్డలో చుట్టి హ్యాండిల్‌కు తగిలించి ఉంది. మనిషి మంచివాడు. గేటు దగ్గరే సైకిలు దిగి నించున్నాడు. సాయవ్వ నల్లోడి మెడ చుట్టూ చెయ్యివేసుకుని గోదాము వెనక కూర్చుని ఉంది. దాని మెడకు కట్టిన తలుగుతాడు విప్పి ఇవ్వమంటే ఇవ్వలేదు.

"నేనేం జెయ్యాలె అవ్వా, ఆర్డరున్నది" అన్నాడు గఫూర్.

"ఆర్డరుకే పెట్టు నీ పట్టకారు."

గఫూర్ నా వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే తపాలా వచ్చింది. నేను పంపిన వంశావళి రిజిస్టరు నకలు జిల్లా నుంచి తిరిగి వచ్చింది. ఒక గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి ఉంది. చిదానందం గారు చదివి కుర్చీలో కూలబడ్డారు. రెండవ తరం పొట్టేలుకు తండ్రి గడి ఖాళీగా ఉన్నదనీ, తండ్రి లేని రెండవ తరం శాస్త్రవిరుద్ధమనీ, కేంద్రంలో ఉన్న మరొక పొట్టేలు వివరాలు ఆ గడిలో నింపి, సదరు పొట్టేలు సంతానోత్పత్తికి సమర్థమైనదని ధ్రువపరచి సాయంత్రంలోగా పంపని యెడల తీవ్రంగా పరిగణించబడుననీ రాశారు.

"మరొక పొట్టేలు ఎక్కడ నుండి తేవలెను మాస్టారూ?" అన్నారు. ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది.

ఒకటుందని చెప్పాను. గోదాము వెనక ఉందనీ, ఇంకో పావుగంటలో అది సమర్థమైనదని ధ్రువపరచడం కుదరదనీ కూడా చెప్పాను.

చిదానందం గారు గోదాము వెనక్కి అంత వేగంగా నడవడం అంతకుముందు నేను చూడలేదు. పట్టకారును మళ్లీ గుడ్డలో చుట్టించారు. ఇకపై ఈ పొట్టేలు మీద ఎవరు చెయ్యివేసినా అది ప్రభుత్వ వంశం మీద చెయ్యివేయడమేనని గఫూర్‌ను హెచ్చరించారు. గఫూర్ సంతోషంగా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

రిజిస్టరు నా ముందుకు వచ్చింది. కేంద్రంలో ఉన్న మరొక పొట్టేలు ఏదని అడిగారు. సాయవ్వ గారి నల్ల పొట్టేలు, వయసు నాలుగేళ్లు, సమర్థమైనది అని రాశాను. రాసిన ప్రతి అక్షరమూ నిజం. గడి మాత్రం తండ్రిది. ఆ విధంగా నల్లోడు తనకంటే ఏడాది పెద్దదైన దొరకు తండ్రి అయ్యాడు.

తండ్రి పొట్టేలు మందకు దూరంగా ఉండటం వంశానికి మంచిది కాదని చిదానందం గారే నల్లోడిని గొర్రెల్లోకి వదిలించారు. నెలల తరబడి కట్టుకొయ్యకే ఉన్న నల్లోడు ఆయన మాటను శిరసావహించాడు.

దొర తరం మారితే గొర్రెలు వెనకబడిపోతాయి గనుక నలభై గొర్రెలకూ ఒకే రోజు తరోన్నతి ఇచ్చారు. ఇరవై మూడో నంబరు గొర్రెకు తల్లి ఇరవై మూడో నంబరు గొర్రే అయింది. నూటికి నూరు శాతం గొర్రెలు రెండవ తరానికి ఉత్తీర్ణం అయ్యాయి. అటువంటి ఫలితం మా బడికి ఎన్నడూ రాలేదు. మొదటి తరం ఎక్కడికి పోయిందని ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలని అడిగాను. రెండవ తరంలోకి పోయిందని చెప్పవలెను అన్నారు.

జూన్‌లో కమిషనర్ గారు వచ్చారు. షామియానా వేశారు. దొరను నలుగురు మోసుకొచ్చి నిలబెట్టి, పడిపోకుండా వెనక నుంచి పట్టుకున్నారు. పక్కన నల్లోడిని నిలబెట్టారు. నల్లోడి మెడలో అట్ట, దాని మీద తండ్రి అని నా దస్తూరీ. దొర మెడలో కుమారుడు అని మరో అట్ట. కమిషనర్ గారు నల్లోడి వీపు తడిమి, గుచ్చుకుందని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత దొర ఉన్నిలో వేళ్లు కణుపుల దాకా దింపి, కాసేపు తీయలేదు.

"ఒక్క తరంలోనా?" అని అడిగారు.

"ఒక్క తరములోనే అండి. ఎంపిక ప్రభావము" అన్నారు చిదానందం గారు.

రంగు కూడా మారిందేమని అడిగారు. నాణ్యత పెరిగే కొద్దీ నలుపు తగ్గునని చిదానందం గారు చెప్పారు. కమిషనర్ గారు రాసుకున్నారు. ఆ తర్వాత వెండి కత్తెరతో దొర చెవి వెనక పిడికెడు ఉన్ని కత్తిరించి, చప్పట్లయ్యాక, ఇంతటి ఉన్నిని కత్తిరించి పాడుచేయవద్దనీ, సందర్శకులు చూడటానికి ఇలాగే ఉంచాలనీ ఆదేశించారు. దొర కాళ్లు మడుచుకుని కూర్చుంది.

రిజిస్టరు చూసి మెచ్చుకుని, మీరు శాస్త్రవేత్తా అని నన్ను అడిగారు. తెలుగు ఉపాధ్యాయుణ్ణని చెప్పాను. "అందుకే ఎక్కడా సందేహానికి తావు లేదు" అన్నారు.

జులై మొదటి వారంలో ఉత్తర్వు వచ్చింది. ఇంతటి పుత్రుణ్ణి ఒక్క తరంలోనే కన్న పొట్టేలు ఒక్క మండలానికే పరిమితం కావడం తీరని లోటనీ, సన్న ఉన్ని జాతికి మూలపురుషుడైన సదరు పొట్టేలును చలికొండల మీది కేంద్ర క్షేత్రానికి తరలించి అక్కడి మందలను మెరుగుపరచాలనీ అందులో ఉంది. లారీ గురువారం వస్తుంది.

ఈసారి కూడా నేనే వెళ్లాను. సాయవ్వ గేటు పక్కన రాతి మీద కూర్చుని, దువ్విన ఉన్నిని ఉండలు చేస్తోంది. నన్ను చూడగానే కాగితం కోసం నా చేతుల వైపు చూసింది.

"ఇప్పుడేమైంది?"

చెప్పాను. కొండల మీద మంచు పడుతుందా అని అడిగింది. పడుతుందన్నాను. ఆమె చేతిలోని ఉండను మళ్లీ విప్పింది.

"మీరు ఒకపారి రాస్తే వాని విత్తులు పోతుండె. ఇంకొకపారి రాస్తే వాడే పోతుండు. మీ కాళ్లు మొక్కుత, మూడోపారి ఏం రాయకుండ్రి సారూ."

రాయనని మాటిచ్చాను. రిజిస్టరు మూసి, పెన్ను జేబులోంచి తీసి లోపల బల్ల సొరుగులో పెట్టాను. ఆ మూడు రోజులూ ఏమీ రాయకుండా ఉన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయవ్వ, ఇంటికాడ వండి పెట్టేటోళ్లెవరని అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. ఆమె ఇంకేమీ అడగకుండా, మర్నాటి నుంచి మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి నా కుర్చీలో పెట్టి వెళ్లేది. నా మీద కోపం అలాగే ఉంది. రొట్టెలు పెట్టేటప్పుడు నా ముఖం చూసేది కాదు.

గురువారం లారీ వచ్చింది. చలికొండల నుంచి వచ్చిన క్షేత్ర సహాయకుడు మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. మా గేటు దగ్గరే దాన్ని విప్పి, పిండి, మళ్లీ చుట్టుకున్నాడు. తెలుగు నిదానంగా మాట్లాడాడు. కాగితం తీసి చదివాడు. సన్న ఉన్ని జాతి మూల పొట్టేలు, ఒకటి.

రెండు పొట్టేళ్లనూ ముందుకు తెచ్చారు. నల్లోడి తలుగు సాయవ్వ చేతిలో ఉంది. రెండు మెలికలు వేసి పట్టుకుంది. దొర ఫ్యాను కింది నుంచి కదలలేదు, తలుపులోంచి కనిపిస్తోంది. సహాయకుడు నల్లోడిని చూశాడు. కాగితం చూశాడు. మళ్లీ నల్లోడిని చూశాడు. ఆ ఉద్యోగంలో అతను పదిహేనేళ్లుగా గొర్రెల మధ్యే ఉన్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఇందులో సన్న ఉన్ని ఏది?" అని నన్ను అడిగాడు.

చిదానందం గారు నా పక్కనే ఉన్నారు. ఉత్తర్వు ప్రకారం మూలపురుషుడు ఎవరో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు, రిజిస్టరులో ఉంది. కాని ఇతను మూలపురుషుడు ఎవరని అడగలేదు. సన్న ఉన్ని ఏదని అడిగాడు.

"లోపల ఫ్యాను కింద ఉన్నది" అన్నాను.

ఐదు నెలలుగా నేను రాసిన నిజాలన్నీ తప్పు గడుల్లో పడుతూ వచ్చాయి. ఇది మాత్రం గడిలో పడలేదు. సహాయకుడు తల ఊపి లోపలికి నడిచాడు. చిదానందం గారు నా వైపు చూశారు. ఆయన నోరు తెరవడం చూసి, సదరు అనో, పైన ఉదహరించిన అనో మొదలుపెడతారని ఎదురుచూశాను. సాయవ్వ తలుగుకు మూడో మెలిక వేసుకుంది.

"తీసుకెళ్లనివ్వండి మాస్టారూ. పాపం, దానికి ఉక్క" అన్నారు.

ఆయన నోట మామూలు మాట వినడం నాకు అదే మొదలు. ఆయనకూ అదే మొదలేమో, వెంటనే ముఖం తిప్పుకుని గేటు గొళ్లెం సరిచూడసాగారు.

దొరను ఎత్తడానికి నలుగురు సిద్ధమయ్యారు. అవసరం రాలేదు. లారీలో గడ్డి కింద పరిచిన మంచుదిమ్మల చల్లదనం తగిలిందో ఏమో, దొర లేచింది. ఎవరి సాయం లేకుండా మెట్ల పలక ఎక్కి, లోపలికి పోయి, తల గోడకు ఆనించి నిలబడింది. వెనక్కి చూడలేదు. మూలపురుష పొట్టేలు ఒకటి ముట్టినది అని సహాయకుడు రసీదు రాసిచ్చాడు.

సెప్టెంబరులో కేంద్ర క్షేత్రం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. పాలమూరు వంటి ఉష్ణ ప్రాంతంలో అభివృద్ధి చేసిన ఈ పొట్టేలు ఉన్ని తమ క్షేత్రంలోని అత్యుత్తమ ఉన్నితో అన్ని విధాలా సరిసమానంగా ఉన్నదనీ, ఇక్కడే పుట్టిందా అన్నంత త్వరగా తమ వాతావరణానికి అలవాటు పడిందనీ, ఇప్పటికే పదకొండు గొర్రెలతో జతకట్టిందనీ అందులో రాశారు. లక్ష్యం సంపూర్ణంగా నెరవేరినట్టు ప్రకటించి మా కేంద్రాన్ని మూసేశారు. పద్నాలుగో నిబంధన జాతి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది గనుక, అది కూడా దొరతో పాటు కొండలెక్కింది. అక్కడి పొట్టేళ్ల సంగతి నాకు తెలియదు. చిదానందం గారికి ఉత్తమ అధికారి పురస్కారమూ, చేపల శాఖకు బదిలీయూ వచ్చాయి. చేపలకు పొలుసులు తగ్గించే పథకమని విన్నాను.

ఫ్యాను ఊడదీసుకుపోయిన రోజున నలభై గొర్రెల చెవుల బిళ్లలూ తీసేశారు. సాయవ్వ సంతకం బదులు వేలిముద్ర వేసి మందను ఇంటికి తోలుకుపోయింది.

నేను బడికి తిరిగి వచ్చాను. కార్తీకంలో నా భార్య సంవత్సరీకం కోసం మూడు రోజులు సెలవు పెట్టాను. అన్నీ ముగిసి, చివరి రోజు మిగిలిపోయింది. ఇంట్లో ఉండలేక నడుచుకుంటూ సాయవ్వ ఊరి వైపు వెళ్లాను. ఊరి బయట జొన్న కోసిన చేనులో మంద ఉంది. గొర్రెలు ఈనుతున్నాయి. పన్నెండో పదమూడో పిల్లలు అప్పటికే తల్లుల కాళ్ల మధ్య తూలుతున్నాయి. అన్నీ నల్లవే. నల్లోడు దూరంగా, ఇదంతా తనకు సంబంధం లేదన్నట్టు మేస్తున్నాడు.

సాయవ్వ నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. అప్పుడే ఈనిన గొర్రె దగ్గర మోకాళ్ల మీద ఉంది. పిల్ల ముక్కు తుడిచి, ఇంకో గొర్రె అరవడంతో అటు లేస్తూ, "జర పట్టుకోరి సారూ" అని దాన్ని నా చేతుల్లో పెట్టేసింది.

తడిగా, వెచ్చగా ఉంది. ఉన్ని ఇంకా ఆరలేదు. ఆ ఉన్ని గుచ్చుకుంటుందని నాకు తెలుసు. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. ఎంతసేపు అలా పట్టుకున్నానో తెలియదు. తల్లి గొర్రె నా పంచె అంచు పట్టి లాగుతోంది, నేను గమనించలేదు.

సాయవ్వ రెండో కాన్పు ముగించి చేతులు గడ్డికి తుడుచుకుంటూ వచ్చింది. తల్లి గొర్రె వీపు మీద చెయ్యి వేసింది.

"దించుండ్రి సారూ. దాని తల్లి సూస్తున్నది."

దించాను.